నూట అరవై ఒక్క మీటర్ల అవతల

మా ఆయన పెట్టెకు అనుమతి ఇవ్వలేమని మార్చి చివరలో మెయిల్ వచ్చింది. రాసినవారెవరో మర్యాదగానే రాశారు. స్టాఫ్ రూములో కూర్చుని రెండుసార్లు చదివి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, తొమ్మిదో తరగతికి వెళ్ళాను.

మా ఆయన పేరు జాకబ్. ఏలూరులో బస్ డిపో మెకానిక్కు. పోయిన ఆగస్టులో డ్యూటీలో ఉండగానే గుండె ఆగింది. దాని గురించి ఇంతకు మించి రాయలేను.

ఆయనకు జియోకాషింగ్ అనే ఆట ఇష్టం. ఒకరు ఎక్కడో చిన్న పెట్టె దాచి, అది ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలను ఆ ఆట వెబ్‌సైటులో పెడతారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. దొరికితే లోపలి కాగితం మీద సంతకం చేసి, పెట్టెను మళ్ళీ అక్కడే పెట్టి వెళతారు. బహుమతి ఏమీ ఉండదు. మరెందుకండీ అని మొదట్లో అడిగాను. "డిపోలో రోజంతా చెడిపోయినవాటి కోసమే వెతుకుతాను కదా. ఆదివారం బాగున్నదాని కోసం వెతుకుతాను" అన్నారు.

ఆయన చాలా పెట్టెలు కనుక్కున్నారు కాని తనది ఒక్కటీ దాచలేదు. దాస్తే ఒక్కచోటే దాస్తానని చెప్పేవారు. అది మండవల్లి దగ్గర, ఆయన పుట్టిన ఊరికి ఉత్తరంగా వెళ్ళే ఒక గట్టు. ఆ చుట్టూ కొల్లేరు ఎప్పుడో చేపల చెరువులైపోయింది. ఎటు చూసినా గట్లు, మోటారు షెడ్లు, మేత బస్తాలు వేలాడే వెదురు కర్రలు. ఆ గట్టు మీద ఒక మలుపు ఉంది. అక్కడ నిలబడి ఉత్తరానికి చూస్తే మాత్రం ఒక్క షెడ్డు కనపడదు, ఒక్క గట్టు కనపడదు. జమ్ము గడ్డి, నీళ్ళు, పక్షులు. ఆయన చిన్నప్పుడు చూసిన కొల్లేరు ఆ కాస్త మేరలో అలాగే ఉంది. ఇరవై అడుగులు ఇటు జరిగితే షెడ్డు రేకులు మెరుస్తాయి, అటు జరిగితే ఇంకో చెరువు గట్టు అడ్డం వస్తుంది. అందుకని పెట్టె అక్కడే ఉండాలి.

స్టీలు టిఫిన్ డబ్బాకు ఆకుపచ్చ రంగు వేసి సిద్ధం చేసుకున్నారు. వెబ్‌సైటులో పేజీ కూడా రాసి ఉంచారు. గట్టు యజమాని అబ్బాయిరాజు గారి అనుమతి కోసం ఆగారు. రాజు గారు సరేనన్న కబురు వచ్చేసరికి ఆయన లేరు. ఆయన ఫోనులో ఉన్న పేజీని మార్చిలో నేను పంపించాను. ఆయన పేరు మీదే.

దానికి వచ్చిన జవాబు ఇది. ఏ రెండు పెట్టెల మధ్యనైనా కనీసం నూట అరవై ఒక్క మీటర్లు ఉండాలని ఆటలో నియమం. మీ చోటుకు నూట నలభై మూడు మీటర్లలో మరొకరి డబ్బా ఉంది. కనుక మీరు జరగాలి.

పటంలో ఆ దగ్గరలో ఏ పెట్టె గుర్తూ లేదు. అది మధ్య మజిలీ అని తరువాత అర్థమైంది. కొందరు ఆటగాళ్ళు ఒక చోట సూచన దాచి, అక్కడి నుంచి రెండో చోటికి, రెండో చోటి నుంచి మూడో చోటికి పంపుతారు. ఆ మధ్య చోట్లు పటంలో కనపడవు. కాని అక్కడా డబ్బా ఉంటుంది కనుక నియమం దానికీ వర్తిస్తుంది. ఆ డబ్బా యజమాని పేరు మెయిల్లో ఉంది. ఆటలో ఆయన పెట్టుకున్న పేరు "గూడెం ఉల్లి".

ఆ పేరు నాకు తెలుసు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి శ్రీరంగనాయకులు గారు. ఆయన దాచినవన్నీ జాకబ్ వెతికి పట్టుకున్నారు. అంటే ఆ డబ్బా ఎక్కడుందో జాకబ్‌కు తెలుసు. తెలిసే తన చోటు ఎంచుకున్నారు. "దూరం సరిపోతుంది, చూసుకున్నాను" అని నాతో అన్నారు కూడా.

ఆ ఆదివారం చర్చి అయ్యాక మండవల్లి వెళ్ళాను. జాకబ్ అక్క ప్రసన్నకుమారి అక్కడే ఉంటుంది. నాకు వదిన. మెయిల్ చదివి వినిపించాను.

"ఆ తూము దగ్గర డబ్బాయేనా?" అంది. "నన్నూ తీసుకెళ్ళేడు కదే. చెక్క కింద మాత్రల డబ్బా. అది మన మలుపుకి దగ్గరేంటి, చెరువు చుట్టి వెళ్ళేసరికి నాకు మోకాళ్ళు పట్టేసేయి. కిలోమీటరు ఉంటది."

"గట్టు మీద లెక్క కాదు వదినా. గాలిలో గీత గీసినట్టు కొలుస్తారు, చెరువు మీదుగా."

వదిన చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"అయితే మావాడు గట్టు మీదే కొలిచుంటాడే రత్నం. ఇక్కడ అందరం అంతే. ఎదురుగా మనిషి కనపడుతున్నా, ఎంత దూరమంటే గట్టు తిరిగి చెప్తాం. నీళ్ళ మీద ఎవడు నడుస్తాడు?"

మెయిల్ చదివినప్పటి నుంచి నన్ను పట్టుకున్న భయమూ అదే. చోటు పోతే పోనీ అనుకోగలనేమో. ఆయన చూసుకున్నానన్న లెక్క తప్పని తేలితే, సరిదిద్దుకోవడానికి ఆయన లేరు. ఆ తప్పు ఇక ఎప్పటికీ ఆయన పేరున ఉండిపోతుంది.

ఇద్దరం చెరువు చుట్టి తూము దగ్గరకు వెళ్ళాం. డబ్బా ఉంది. జాకబ్ ఫోను తీసి మలుపుకు దూరం అడిగాను. నూట డెబ్భై చూపించింది. నూట అరవై ఆరుకు దిగింది. మళ్ళీ నూట డెబ్భై రెండు. ఎంతసేపు నిలబడ్డా నూట అరవై ఒకటి కిందకు రాలేదు.

"మరి వాళ్ళు నూట నలభై మూడంటారేంటి?" అంది వదిన.

"ఆ అంకె వాళ్ళది కాదు వదినా. నాయకులు గారు ఆ డబ్బాకు ఇచ్చిన అక్షాంశ రేఖాంశాల కొలత నుంచి వచ్చింది."

"అయితే పద గూడెం."

"రేపు స్కూలు."

"స్కూలు ఎక్కడికీ పోదే" అంది కాని, రెండో శనివారం దాకా ఆగింది.

ఏలూరు నుంచి గూడెం ప్యాసింజరులో వెళ్ళాం. నాయకులు గారి దుకాణం మార్కెట్ యార్డు పక్కన. లోపల ఎర్రటి వల బస్తాలు కప్పుదాకా ఉన్నాయి. డెబ్భై ఏళ్ళ మనిషి, తెల్లటి పంచె, చెప్పులు కూడా తళతళలాడుతున్నాయి. గల్లా దగ్గర ఆయన భార్య భ్రమరాంబ గారు కూర్చుని ఉన్నారు. జాకబ్ పేరు చెప్పగానే ఆయన లేచి నిలబడ్డారు.

"జాకబ్ గారి మిస్సెస్సా అమ్మా? మూడు నెలలయింది నాకు తెలిసి. ఎలా రావాలో, వచ్చి ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోయేనండి. నా డబ్బాలన్నీ పట్టేసింది ఆయనొక్కడే. పట్టిన ప్రతిసారీ ఫోన్ చేసి, ఏవండీ నాయకులు గారూ, ఇంకొంచెం కష్టంగా దాచకూడదా అనేవాడు."

నేను విషయం చెప్పాను. ఆయన మొత్తం వినలేదు.

"అంతేకదా. తీసేస్తానమ్మా నా డబ్బా. రేపే తీయించేస్తాను. పోయినవారి కోసం ఆమాత్రం చేయనా?"

"వద్దండి" అన్నాను.

"వద్దా?"

"మీ డబ్బాను తోసేసి ఆయన పెట్టె అక్కడికి రాకూడదండి. అక్కడ ఖాళీ ఉంటేనే రావాలి. ఉందని ఆయన అన్నారు. మీరిచ్చిన కొలత ఒకసారి చూపిస్తారా?"

ఆయన ఫోను తీసి చూపించారు. నేను ఉపగ్రహం బొమ్మను వేలితో పెద్దది చేశాను. గుర్తు తూము మీద లేదు. చెరువు నీళ్ళలో ఉంది.

"ఇది నీళ్ళలో ఉందండి."

"ఆ బొమ్మలు పాతవమ్మా. గట్లు ఏటా మారుస్తారు అక్కడ. నా కొలతకేం తిరుగులేదు."

"మా ఫోనులో నూట డెబ్భై చూపిస్తోంది."

"అది ఎన్నేళ్ళ ఫోనండీ?" అన్నారు మెత్తగానే. "నాది కిందటేడు సంక్రాంతికి మా అల్లుడు కొన్నది. ఇందులో నూట నలభై మూడు. మీ ఫోను ఒకటంటుంది, నా ఫోను ఒకటంటుంది. ఏది నమ్మాలి?"

"అల్లుడు కొన్నదాన్ని నమ్మాలి పాపం" అంది వదిన పక్కకు తిరిగి. భ్రమరాంబ గారికి నవ్వు వచ్చింది.

అప్పుడే నిడదవోలు నుంచి వచ్చిన చిల్లర వ్యాపారి ఒకతను, తన బస్తా తూకం తక్కువగా ఉన్నట్టుందని గొణిగాడు. నాయకులు గారు మా మాట వదిలేసి అటు తిరిగారు. వాదించలేదు, కోప్పడలేదు. "ఎక్కించండ్రా కాటా" అన్నారు. కూలీలు బస్తాను అతని ఎదురుగానే మళ్ళీ కాటా మీద పెట్టారు. తూకం సరిగ్గానే ఉంది. అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

"ఎవరడిగినా అలా మళ్ళీ వేస్తారాండి?" అని అడిగాను.

"వెయ్యాలమ్మా. మా యార్డులో కట్టుబాటు. అనుమానమన్నాక, కొన్నవాడి ఎదురుగా మళ్ళీ కాటా వెయ్యాలి. వెయ్యనన్నవాడి దగ్గర సరుకు కొనరు. మా నాన్నగారి కాలం నుంచీ అంతే."

"అయితే నాకూ అనుమానంగా ఉందండి."

ఆయన నన్ను చూశారు. తరువాత భార్యను చూశారు.

"చూస్తారేంటండీ, అడిగేరు కదా ఆవిడ" అన్నారు భ్రమరాంబ గారు. "వెయ్యండి కాటా."

"ఫోన్లతో కుదరదు" అన్నారాయన చివరికి. "రెండూ అబద్ధమాడొచ్చు. టేపుతో కొలిస్తే నమ్ముతాను. కాని చెరువు మీద టేపు ఎలా లాగుతారండీ?"

"చెరువు మీద లాగక్కర్లేదండి. గట్టు మీద కొలిచి చెప్తాను. టేపు మీదే తెచ్చుకోండి."

నేను లెక్కల టీచరుని. సరూప త్రిభుజాలు పదో తరగతి పిల్లలకు ఏటా చెబుతాను. నది వెడల్పు కనుక్కోమని బోర్డు మీద బొమ్మ గీస్తాను. నేల మీద ఎప్పుడూ చేయలేదు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ కారులో వచ్చారు. భ్రమరాంబ గారు గొడుగు తెచ్చుకున్నారు, నాయకులు గారు రెండు టేపులు, కొత్త నైలాను తాడు తెచ్చారు. వదిన ఎర్ర తువ్వాలు పట్టుకుని, చెరువు కాపలాదారు పాపారావు దోనెలో తూము దగ్గరకు వెళ్ళింది. పాపారావు దోనె గడ వేస్తూ నాయకులు గారికి దండం పెట్టి, "ఈసారి మీరు రారాండి బాబుగారూ?" అన్నాడు. ఆయన వినిపించుకోలేదు.

గట్టుకు పడమర చెరువు. తూర్పున రెండో పంట, దాళ్వా, కోసిన చేను, ఎండిన వరి దుబ్బులు. అంతకన్నా అదృష్టం అక్కర్లేదు. మలుపులో పెట్టె ఉండాల్సిన చోట మేకు దిగ్గొట్టాను. తాడుకు మూడు, నాలుగు, ఐదు మీటర్ల కొలతల్లో ముడులు వేసి, అవతల ఊగుతున్న ఎర్ర తువ్వాలుకు సరిగ్గా లంబంగా గట్టు వెంట ఒక గీత పెట్టుకున్నాను. ఆ గీత మీద యాభై మీటర్లకు ఒక కర్ర పాతాను. ఇంకో ఐదు మీటర్లకు రెండో కర్ర. ప్రతి కొలతా నాయకులు గారు వంగి చూసి, "ఊఁ" అన్నాక ముందుకు వెళ్ళాం.

"ఇప్పుడు ఈ రెండో కర్ర దగ్గర నుంచి నేను తిన్నగా చేలోకి నడుస్తానండి. మొదటి కర్ర మీదుగా అవతల ఎర్ర తువ్వాలును చూస్తూ ఉంటాను. తువ్వాలు ఆ కర్ర వెనక దాక్కున్న చోట ఆగుతాను. నేను నడిచింది ఎంతో, చెరువు మీద దూరం దానికి పది రెట్లు."

"పదే ఎందుకు?"

"యాభైకి ఐదు పదో వంతు కనుక."

ఆయన కాసేపు ఆలోచించారు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. "అయితే మీరు పదహారు మీటర్ల పది సెంటీమీటర్లు దాటి నడవాలి. దాటితే మీ మాట ఒప్పు. దాటకముందే తువ్వాలు దాక్కుంటే నాది ఒప్పు."

"అవునండి."

ఆ కొలత దగ్గర తాడుకు ఆయనే ముడి వేశారు. గట్టిగా లాగి చూసి, టేపు మీద రెండోసారి సరిచూశారు. తాడు ఒక కొస నేను పట్టుకున్నాను. ఆయన రెండో కర్ర దగ్గర నిలబడి తాడును చేతిలోంచి వదులుతారు. ముడి చేతికి తగలగానే చెప్పాలి. అదీ ఒప్పందం.

చెప్పులు విడిచి చేలోకి దిగాను. దుబ్బులు అరికాళ్ళకు గుచ్చుకున్నాయి. మొదట ఎర్ర తువ్వాలు కర్రకు చాలా ఎడంగా, ఎడమవైపు ఉంది. నడిచేకొద్దీ కర్ర వైపు జరిగింది. మొదట త్వరగా జరిగింది, తరువాత నెమ్మదించింది. తువ్వాలుకూ కర్రకూ మధ్య చెయ్యంత సందు మిగిలింది. తరువాత బెత్తెడు. ఇంకొక్క అడుగులో దాక్కుంటుందేమో అనిపించింది. దాక్కోవద్దని మనసులో అన్నాను. ఆ మాట ఎవరితో అన్నానో నాకు తెలుసు.

"ముడి!" అని కేక వేశారు నాయకులు గారు.

ఆగాను. ఒక కన్ను మూసి చూశాను. కర్ర పక్కన, స్పష్టంగా, ఎర్రటి అంచు. సందు ఇంకా ఉంది.

"కనపడుతోందండి!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇంకా కనపడుతోంది! తాడు వదలండి!"

ఆయన వదల్లేదు. ముడి పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"వదలండి మరి!" అన్నారు భ్రమరాంబ గారు గొడుగు కిందనుంచి. "గట్టిగా పట్టుకుంటే చెరువు చిన్నదవుతుందా?"

తాడు సడలింది. నేను వెనకడుగులు వేస్తూ ఇంకా చేలోకి వెళ్ళాను. ఇంకో అడుగు. మరో అర అడుగు. మరికొంచెం. అప్పుడు తువ్వాలు కర్ర వెనక్కి వెళ్ళిపోయింది. మడమ దగ్గర పుల్ల గుచ్చి, టేపు తీసుకుని రమ్మన్నాను. ఆయన పంచె ఎగ్గట్టి, మెరిసే చెప్పులతోనే చేలోకి వచ్చారు. మోకాళ్ళ మీద కూర్చుని, టేపును కళ్ళ దగ్గరగా పెట్టుకుని చదివారు.

"పదిహేడు" అన్నారు. "పదిహేడూ, రెండు సెంటీమీటర్లు."

మళ్ళీ కొలిచారు. అదే వచ్చింది. నూట డెబ్భై మీటర్లు.

జాకబ్ చూసుకున్నానన్నారు. చూసుకున్నారు. గట్టు మీద కాదు, నీళ్ళ మీద.

చెరువు అవతల నుంచి వదిన ఫోను చేసింది. "ఏమైందే? చెయ్యి పడిపోతోంది ఊపలేక!"

"నూట డెబ్భై వదినా."

ఫోను పెట్టేయకుండానే ఆవిడ అరిచిన అరుపు, ఫోనులో ఒకసారి, నీళ్ళ మీదుగా ఒకసారి వినిపించింది. జమ్ములోంచి కొంగలు లేచాయి. "మావాడే! మావాడే!" అంటూ తువ్వాలును తల మీద గిరగిరా తిప్పింది.

నాయకులు గారు దుబ్బుల మధ్య అలాగే కూర్చుండిపోయారు. ఆయన భుజాలు కదులుతుంటే మొదట ఏమిటో అనుకున్నాను. నవ్వుతున్నారు.

"దోనె దిగలేదమ్మా నేను" అన్నారు. "ఆ రోజు వాన పడి వెలిసింది. తూము దగ్గర మోకాలి లోతు బురద. పాపారావు చేతికి డబ్బా ఇచ్చి పెట్టి రమ్మని, దోనెలో కూర్చునే కొలత తీసేసేను. నాలుగు అడుగుల తేడాయే కదా అనుకున్నాను. దోనె అంత వెనక్కి జరిగిపోయిందని చూసుకోలేదు."

"పాతికేళ్ళుగా ఈయన చెప్పులు తుడుస్తున్నది నేనే. ముందే అడగాల్సింది నన్ను" అన్నారు భ్రమరాంబ గారు.

"నన్ను ఎక్కడైనా తిట్టండి, పేజీలో మాత్రం వద్దు" అని ఆయన అంటారేమో అనుకున్నాను. అలా అనలేదు. అప్పుడే లేచి, చెరువు చుట్టూ ఉన్న గట్టంతా నడిచి, తూము దగ్గర డబ్బా పక్కన నిలబడి కొత్త కొలత తీసుకున్నారు. తన పేజీలో అందరూ చూసే చోట ఇలా రాశారు: "రెండో డబ్బా ఉన్న చోటు సరిచేశాను. ఇంతకుముందు ఇచ్చిన కొలత నా తప్పు. ఏలూరు జాకబ్ గారి కొలత ఒప్పు." రాసి నాకు చూపించి, "కాటా సరిపోయిందా అమ్మా?" అన్నారు.

"సరిపోయిందండి" అన్నాను.

చీకటి పడకముందే మలుపులో ఆకుపచ్చ డబ్బా పెట్టి, రాళ్ళు సర్ది, మెయిల్ పంపాను. ఆ నలుగురితో కలిసి కాసేపు ఉత్తరానికి చూశాను.

గురువారం మూడో పీరియడ్ ఖాళీ. స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతూ ఆయన ఫోను తీశాను. పేజీ ప్రచురించామని ఉదయమే వచ్చిన మెయిల్. తెరిచి చూశాను. పటంలో, చెరువుల మధ్య, కొత్త గుర్తు. కింద "దాచినవారు: జాకబ్". చదువుతూ ఉండగానే వదిన నుంచి ఫోను.

"రత్నం, పాపారావు షెడ్డు దగ్గర ఉన్నాను, గట్టు మీద ఎవరో ఇద్దరు పరుగెత్తుతున్నారే. బండి రోడ్డు మీదే పడేసేరు. మొగుడూ పెళ్ళాంలా ఉన్నారు. ముందు ఎవరు సంతకం పెడితే వాళ్ళది గొప్పంట. అటు ఉండి ఊరి నుంచి వచ్చేరంట, పాపారావుని దారి అడిగేరంట."

"దొరికిందా?"

"ఉండు... వంగేడు. రాళ్ళు తీస్తున్నాడు. ఆవిడ తోసేస్తోంది వాణ్ణి. దొరికిందే! ఎగురుతున్నారే ఇద్దరూ! నేనూ వెళ్తున్నాను, నువ్వు పెట్టెయ్. వాడి అక్కనని చెప్పాలి."

బెల్ కొట్టారు. చాక్‌పీసులు తీసుకుని తొమ్మిదో తరగతి రివిజనుకు వెళ్ళాను. ఆ రోజు పాఠం చాలా గట్టిగా చెప్పారండీ, మా క్లాసులోకి కూడా వినిపించింది అని పక్క గది సోషల్ మాస్టారు తరువాత అన్నారు.